శ్రమదానానికి రాని ఆటగాడు

"ఆ కుడికాలు ఎందుకలా చాపుకుని కూర్చున్నావు?" అని అడిగాను.

ఎస్కిల్ ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. మోకాలు మడిచేటప్పుడు పళ్లు బిగబట్టాడు. అది నేను చూశాను. నా పక్కనున్న ఇన్‌స్పెక్టర్ స్టైనార్ వోగె కూడా చూశాడు. నా నోరు పడిపోను, స్టైనార్ ముందు ఆ మాట అడక్కుండా ఉండాల్సింది.

"అలవాటు," అన్నాడు ఎస్కిల్.

"అబద్ధం," అన్నాడు స్టైనార్ తాపీగా.

ఎస్కిల్ త్వైత్‌కి ఇరవై రెండేళ్లు. గ్రోల్‌సుండ్ ఊరి జట్టులో గోల్స్ కొట్టేది వీడే. కొన్ని నెలలుగా పత్రికలన్నీ వీడి పేరే జపిస్తున్నాయి. ఓ రోజు ఇటలీ వాళ్లు అడిగారట, మర్నాడు ఇంగ్లండ్ వాళ్లు అంతకు మించి ఇస్తామన్నారట. పుకారు పుట్టినప్పుడల్లా వీడి ధర పెరిగింది. నలభై మిలియన్ క్రోనర్లతో మొదలై నూటపది దాకా పోయింది. ఆ ధరకి చివరికి ఓ బెల్జియం క్లబ్బు సరేనంది. ఈ సాయంత్రమే విమానం, ఈ రాత్రితో ఆటగాళ్లు క్లబ్బులు మారే గడువు సరి.

నేను యోరున్ సేటర్‌ని. ఒకప్పుడు పోలీసుని, ఇప్పుడు ఓస్లోలో ఫుట్‌బాల్ లీగ్ వాళ్ల విచారణ విభాగంలో పనిచేస్తున్నాను. లేని బేరాలు ఉన్నట్టు పుకార్లు పుట్టించి ఆటగాళ్ల ధర పెంచేవాళ్లని పట్టుకోవడం నా పని. అలా వెతుక్కుంటూ పోతే ఎస్కిల్ ఏజెంటు లూద్విక్ ఫ్యెల్ తగిలాడు. శనివారం మధ్యాహ్నం ఆయనే నాకు ఫోన్ చేశాడు. "ఇటలీ వాళ్లూ లేరు, ఇంగ్లండ్ వాళ్లూ లేరు. అన్నీ నేను పుట్టించినవే. సోమవారం రా, మొత్తం చెప్పేస్తాను. ఈ అమ్మకం ఆగాలి," అన్నాడు. ఇవాళ సోమవారం, వచ్చాను. ఆదివారం పొద్దునే లూద్విక్ తన ఇంటి నేలమాళిగ మెట్ల కింద తల పగిలి పడివున్నాడు. ఎవరో తోశారని డాక్టరు అంటున్నాడు. ఆ ఎవరో ఎస్కిలేనని స్టైనార్ అంటున్నాడు.

స్టైనారూ నేనూ పోలీసు కాలేజీలో ఒకే బ్యాచ్. అప్పట్నుంచీ మా ఇద్దరికీ పడదు. నేనేదైనా అవునంటే కాదనడం వాడికో సరదా.

"శనివారం సాయంత్రం లూద్విక్ ఇంటికెళ్లి అరిచావు. పక్కింటావిడ విన్నది. ఎందుకు అరిచావు?" అన్నాడు స్టైనార్.

"చెప్పాగా. మామూలు గొడవ."

"మామూలు గొడవకి మనిషి చచ్చిపోయాడా?"

"నేను లోపలికే వెళ్లలేదండీ! గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా మీద నిలబడి మాట్లాడి వచ్చేశాను."

ఇంక దాచి లాభం లేదనిపించింది. "ఎస్కిల్, ఇటు చూడు. ఆ మోకాలికి ఏమైంది?" అన్నాను.

ఎస్కిల్ గోడకేసి చూస్తూ చెప్పాడు. "గుజ్జు పోయింది. పోయిన వారం స్కానింగ్ తీయించుకున్నాను. ఆపరేషన్ చేసినా మునుపటిలా పరిగెత్తలేనన్నారు. లూద్విక్ మొదట ఫరవాలేదన్నాడు. చివరిరోజు అందరికీ తొందరే, పాత స్కానింగ్ పంపితే బెల్జియం వాళ్లు అది చూసి సంతకం పెట్టేస్తారన్నాడు. శనివారం ఉన్నట్టుండి మనసు మార్చుకున్నాడు. నిజం చెప్పేస్తాను, ఇది మోసం, నాకు నిద్ర పట్టడంలేదు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నా నోటికొచ్చినవన్నీ అన్నాను. నా బతుకు నాశనం చెయ్యడానికి నువ్వెవడివిరా అన్నాను." మోకాలు నిమురుకున్నాడు. "ఆదివారం పొద్దున వెళ్లి నువ్వు చెప్పిందే కరెక్టు అందామనుకున్నాను. అప్పటికే ఆయన లేడు."

"మోకాలి సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. నాన్నకి కూడా చెప్పలేదు."

స్టైనార్ రెండు చేతులూ రుద్దుకున్నాడు. "థాంక్స్ యోరున్. హత్యకి కారణం ఏమిటా అని పొద్దుట్నుంచీ తల బద్దలుకొట్టుకుంటున్నాను. నువ్వొచ్చి పళ్లెంలో పెట్టి ఇచ్చావు. మధ్యాహ్నం జడ్జి ముందు నిలబెడతాను."

"ఆ ఇల్లొకసారి నన్ను చూడనివ్వు."

"మా వాళ్లు చూశారు."

"మీ వాళ్లు చూశారు గనకే నేను చూడాలంటున్నాను."

వాడికి మండింది. అయినా లేచాడు. నేను ఓడిపోవడం దగ్గరుండి చూడాలని వాడి కోరిక.

బయట నడవాలో బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకాయన క్లబ్బు అధ్యక్షుడు ఓద్వార్ ల్యోక్కె, ఫోనులో బెల్జియం వాళ్లని బతిమాలుతున్నాడు. ఇంకొకాయన ఎస్కిల్ తండ్రి తోర్గైర్. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఒళ్లో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

నాకు అనుమానం ఓద్వార్ మీద. ఈ అమ్మకం డబ్బు వచ్చేసినట్టే లెక్కలు చూపించి, ఈ ఏడాది లీగ్‌లో ఆడే అనుమతి సంపాదించాడు. అమ్మకం ఆగితే అనుమతి పోతుంది, క్లబ్బు కింది లీగ్‌లోకి జారిపోతుంది.

"ఓద్వార్ గారూ, నూటపది మిలియన్లు వస్తాయని మీకెవరు చెప్పారు?"

"పత్రికల్లో వచ్చిందిగా."

"పత్రికలకి చెప్పింది లూద్విక్. ఆయన గాలిలోంచి తీసిన ధరని మీరు లెక్కల్లో రాసి మా మీదికి తోశారు. బాగానే ఉంది. మోకాలి సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"ఏ మోకాలు?" అన్నాడాయన. ఆ మొహం చూస్తే నిజంగా తెలియనట్టే ఉంది. మంచి నటుడు కూడా అయ్యుండొచ్చు. ముప్ఫై ఏళ్లు హెడ్మాస్టరు పని చేసినవాడు, మొహం మీద ఏదీ కనిపించనివ్వడు.

"శనివారం రాత్రి ఎక్కడున్నారు?"

"శ్రమదానంలో. ఊరంతా అక్కడే ఉంది. కొత్త ఇండోర్ మైదానంలో కృత్రిమ గడ్డి మీద, రబ్బరు పలుకుల బదులు, శనివారమే లారీలో వచ్చిన బెండు పలుకులు చల్లాం. నేను పారతో చల్లి చల్లి నడుం పట్టేసి తొందరగా వెళ్లిపోయాను."

"తొందరగా వెళ్లిపోయారా?"

"నడుం పట్టేసిందండీ!" అని అరిచాడు.

నేను తోర్గైర్ వైపు తిరిగాను. "మీరు?"

"చివరిదాకా ఉన్నాను. పని పెట్టించింది నేనే. అందరూ వాఫిల్స్ అట్లు తిని వెళ్లాక ఊడ్చి, తాళం వేసి ఇంటికెళ్లాను."

"లూద్విక్‌ని ఎప్పుడు చూశారు ఆఖరిసారి?"

"వాడి గడప తొక్కి ఐదారు నెలలైంది." ఫ్లాస్కు మూత బిగించాడు. "పదేళ్లు పక్కపక్కన ఆడాం మేమిద్దరం. గురువారం గురువారం వాళ్లింట్లో పేకాట. ఎండాకాలం చివర మంచి బేరం వచ్చింది, పిల్లాణ్ణి పంపించెయ్యరా అన్నాను. 'ఆగు, ఇంకో నాలుగు పుకార్లు పడనీ, ధర రెండింతలవుతుంది' అన్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు."

"మీవాడు కూడా శ్రమదానానికి వచ్చాడా?"

తోర్గైర్ మొహం ఎర్రబడింది. "రాలేదు. బీమా వాళ్లు ఒప్పుకోలేదు. అంత ధర పలికేవాడు బస్తాలు ఎత్తకూడదట, పార పట్టకూడదట, కనీసం ఆ హాలులో అడుగు పెట్టకూడదట. ఊళ్లో డెబ్భై ఏళ్లవాళ్లు బస్తాలు మోస్తుంటే నా కొడుకు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. మా ఇంట్లో శ్రమదానం ఎగ్గొట్టినవాడు ఇంతవరకూ లేడు. వాఫిల్స్ తింటూ అందరూ అదే మాట. నాకు తల కొట్టేసినట్టయింది."

ఈ ఊళ్లో ఎవరు హంతకుడో తెలియకపోయినా ఫరవాలేదు గానీ, శ్రమదానానికి ఎవరు రాలేదో మాత్రం పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

లూద్విక్ ఇల్లు కొండవాలున ఉంది. స్టైనార్ బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని టకటకా లోపలికి నడిచాడు. నేను వంగి గుమ్మం పట్టాని చూశాను. పట్టా మీద ఉప్పుమరకలు, వాటి మధ్య నల్ల రబ్బరు పలుకులు. కృత్రిమ గడ్డి మీద పోసే పలుకులవి. ఫుట్‌బాల్ ఆడేవాళ్ల బూట్లలో, సాక్సుల్లో, మంచాల్లో, ఆఖరికి అన్నం పళ్లెంలో కూడా ఉంటాయి.

"చూశావా?" అన్నాడు స్టైనార్ గర్వంగా. "ఎస్కిల్ బూట్లలోంచి రాలినవి. అవే పలుకులు నేలమాళిగ మెట్ల మీద కూడా ఉన్నాయి. అంటే వాడు లోపలికి వచ్చాడు."

"లూద్విక్ రోజూ మైదానానికి వెళ్లేవాడు. ఆయన సాక్సుల్లోంచి రాలుండొచ్చుగా? మా ఆయన ఆడటం మానేసి తొమ్మిదేళ్లయింది, మా వాషింగ్ మెషిన్‌లో ఇప్పటికీ దొరుకుతాయి."

"అన్నిటికీ ఏదో ఒకటి చెప్తావు."

"ఉప్పుమరకలు చూడు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు అది, బూట్ల నీళ్లు ఆరిన చోట మిగిలింది. పట్టా దాటి ఒక్కటి లేదు. వాడు నిలబడింది ఇక్కడే, అరిచింది ఇక్కడే. అంత కోపంలో కూడా బూట్లతో లోపలికి రాలేదు."

"విప్పి వచ్చాడేమో."

"తిట్టడానికి వచ్చినవాడు బూట్ల తాళ్లు విప్పుకుంటూ కూర్చుంటాడా?"

స్టైనార్ నేలమాళిగ తలుపు వైపు వెళ్లాడు. మెట్లు నిటారుగా ఉన్నాయి, కింద రాతినేల. లూద్విక్ ఇంటిచెప్పు ఒకటి కాలికే ఉంది, రెండోది నాలుగో మెట్టు మీద దొరికిందని చెప్పాడు. చెబుతూ వెనక్కి తిరిగి నన్ను చూసి కెవ్వున అరిచాడు.

"యోరున్! ఏం చేస్తున్నావ్?"

అప్పుడు చూసుకున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నా బూట్లు విప్పి గోడవారగా పెట్టేశాను. నేల చల్లగా తగిలేసరికి గుమ్మం పక్కన అతిథుల కోసం పెట్టిన బుట్టలోంచి ఉన్ని చెప్పులు తీసి ఒక కాలికి తొడిగేసుకున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చేసే పనే. నా కాలు నన్నడక్కుండానే చేసేసింది.

"హత్య జరిగిన ఇల్లు ఇది! ఓస్లోలో ఇదేనా నేర్పేది? పోలీసు కాలేజీలో కూడా నువ్వింతే!"

"ఒక్క నిమిషం నోరుమూసుకో."

"నేను నోరుమూసుకోవాలా?"

"మూసుకో స్టైనార్. లోపల ఏదో గుచ్చుకుంటోంది."

కాలు బయటికి తీశాను. సాక్సుకి నాలుగైదు గోధుమరంగు పలుకులు అంటుకున్నాయి. నేను వేసుకోని రెండో చెప్పుని చేతిగుడ్డతో పట్టుకుని తెల్లకాగితం మీద బోర్లించాను. చిటికెడు రాలాయి. బుట్టలో మిగతా జతలన్నీ దులిపాను. అవి కొట్టులో కొన్న మామూలు జతలు, వాటిల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. ఈ జత ఒక్కటే చేత్తో అల్లినది.

"రంపంపొట్టు," అన్నాడు స్టైనార్.

వంటింట్లోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చాను. పట్టా మీది నల్ల పలుకులు రెండు వేసి చెంచాతో నొక్కాను. అడుగుకి పోయాయి. గోధుమరంగువి వేసి నొక్కాను. మళ్లీ పైకి తేలాయి. ఎన్నిసార్లు నొక్కినా తేలాయి. ఒకదాన్ని తీసి గోటితో నొక్కితే మెత్తగా అణిగి మళ్లీ ఉబ్బింది.

"బెండు," అన్నాను. "సీసా మూతల్లో ఉండే బెండు. కొత్త హాలులో చల్లినది. శనివారం లారీలో వచ్చింది, శనివారం శ్రమదానంలోనే బస్తాలు విప్పారు. అంతకుముందు ఈ ఊళ్లో ఈ పలుకు ఒక్కటి లేదు. ఆదివారం పొద్దున మీరు ఈ ఇంటికి తాళం వేశారు. మధ్యలో ఎవడో శ్రమదానం నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాడు. బూట్లు విప్పాడు. ఈ చెప్పులు తొడుక్కున్నాడు. సాక్సుల్లో ఉన్న బెండు వీటిలో రాలింది."

"లూద్వికే వేసుకున్నాడేమో."

"ఆయన చెప్పు ఒకటి కాలికీ, రెండోది మెట్టు మీదా దొరికాయని ఇప్పుడే నువ్వే అన్నావు. ఆ జతలో బెండు ఉందా?"

స్టైనార్ పెదవి విరిచాడు. లేదని దాని అర్థం.

"ఇప్పుడిది చూడు. వచ్చినవాడు ఈ ఇంటికి కొత్తవాడు కాదు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. మాటా మాటా పెరిగింది. నేలమాళిగ మెట్ల దగ్గర తోశాడు. తోసి, మనిషి కింద చచ్చిపడుంటే, మళ్లీ గుమ్మం దాకా నడిచి, చెప్పులు విప్పి, జతగా బుట్టలో సర్ది, బూట్లు వేసుకుని వెళ్లాడు. వేరే దేశంవాడైతే చెప్పులతోనే పారిపోయేవాడు. మనవాడు గనక సర్ది వెళ్లాడు."

స్టైనార్ కాసేపు ఆ బుట్టకేసి చూశాడు. వాడు మూర్ఖుడు గానీ తెలివితక్కువవాడు కాదు. "శ్రమదానానికి ఊరంతా వచ్చింది. ఊరందర్నీ అరెస్టు చెయ్యమంటావా?"

"లూద్విక్‌ని పక్కన పెడితే, ఊరంతా వచ్చింది, ఒక్కడు తప్ప. ఎస్కిల్ రాలేదు. రానందుకు ఊరంతా తిట్టుకుంది కూడా. అంత ధర పలికిన పాపానికి వాణ్ణి హాలు గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. ఈ ఊళ్లో సాక్సుల్లో బెండు లేని మగాడు వాడొక్కడే. నువ్వేమో సరిగ్గా వాణ్ణే పట్టుకుని కూర్చున్నావు."

స్టైనార్ బూట్ల తొడుగులు పీకి జేబులో కుక్కుకున్నాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

దారిలో కారులో నా అనుమానమంతా ఓద్వార్ చుట్టూనే తిరిగింది. నడుం పట్టేసిందని తొందరగా వెళ్లినవాడు. అమ్మకం ఆగితే అందరికంటే ముందు మునిగేవాడు. ఈ చెప్పులు ఆయనవేనా అని అడగాలి, కాళ్లు కొలవాలి. దానికంటే ముందు ఎస్కిల్‌ని వదిలించాలి. విమానం ఎక్కినా ఎక్కకపోయినా వాడిష్టం, మోకాలి సంగతి బెల్జియం వాళ్లకి వాడే చెప్పుకుంటాడు. కనీసం జైలుకైతే వెళ్లడు. ఆ సంబరంలోనే నేను పెద్ద పొరపాటు చేశాను.

చెప్పులున్న ప్లాస్టిక్ సంచీని తిన్నగా తీసుకెళ్లి ఎస్కిల్ ముందు బల్ల మీద పెట్టేశాను.

"ఇంక ఇంటికెళ్లు నాయనా. ఇన్‌స్పెక్టర్ గారు నీకు క్షమాపణ చెప్తారు."

"నేనలా అనలేదు," అని గొణిగాడు స్టైనార్.

"ఇవి తొడుక్కున్నవాడే లూద్విక్‌ని తోశాడు. శ్రమదానం నుంచి తిన్నగా అక్కడికి వెళ్లాడు, లోపలంతా హాలులోని బెండు. నువ్వా హాలు మొహం కూడా చూళ్లేదు గనక..."

ఎస్కిల్ నా మాట వినడంలేదు. సంచీని రెండు చేతులతో ఎత్తి చెప్పుల అడుగుభాగం చూస్తున్నాడు. అంతవరకు నేనంత శ్రద్ధగా చూడలేదు. అరిగిపోయిన ఉన్ని కింద తోలు అతుకులు వేసి కుట్టారు. ఆరు మూలల తోలు ముక్కలు. పాత ఫుట్‌బాల్ కోసి తీసినవి. వాటి మీద తెలుపు రంగు అక్కడక్కడా ఇంకా ఉంది. వాడు ప్లాస్టిక్ మీదనుంచే ఆ కుట్ల వెంట బొటనవేలు నడిపించాడు.

మొహంలో రక్తం లేదు.

"వెళ్లాను," అన్నాడు.

"ఎక్కడికి?"

"శ్రమదానానికి. చీకటి పడ్డాక వెళ్లాను. ఎవరూ చూళ్లేదు."

స్టైనార్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మళ్లీ చెప్పు."

"చీకట్లో వెళ్లి కాసేపు పనిచేశాను. అందరూ తిడతారని. అక్కణ్ణించి లూద్విక్ ఇంటికెళ్లాను. అరిచాను. లోపలికి వెళ్లాను. ఇవి వేసుకున్నాను. తోశాను."

"వాఫిల్స్ ఎవరు వేశారు?" అని అడిగాను.

"ఏమిటీ?"

"శ్రమదానంలో వాఫిల్స్ వేసింది ఎవరు?"

"నేను తినలేదు."

"బెండు బస్తాలు ఏ పక్కనుంచి దించారు?"

"చూళ్లేదు. చీకటి."

"హాలులో దీపాల కింద చీకటేమిట్రా?" నాకు కోపం ఆగలేదు. చెప్పు ఒకటి సంచీలోంచి తీసి కింద పడేశాను. "తొడుక్కో."

తొడుక్కున్నాడు. మడమ వెనక రెండు వేళ్లు పట్టేంత ఖాళీ.

"వదులుగా ఉంటే ఏం? ఇంటిచెప్పులేగా," అన్నాడు.

"యోరున్, చాలు," అన్నాడు స్టైనార్. రికార్డరు మీద చెయ్యి పెట్టాడు. "మనిషి ఒప్పుకుంటున్నాడు. బెండు సాక్ష్యం నువ్వే తెచ్చావు. ఇంకేం కావాలి?"

నేను ఎస్కిల్ దగ్గరికి వెళ్లి వంగాను. "ఈ బంతి ఎవరిది?"

"నాదే. ఏడేళ్లప్పుడు కొన్నారు. పగిలిపోతే పారెయ్యొద్దని ఏడ్చాను, అప్పుడు..." అని ఆగిపోయాడు.

"అప్పుడు? ఎవరు కోశారు? ఎవరు కుట్టారు?"

వాడి కళ్లు తలుపు వైపు వెళ్లాయి. వెంటనే వెనక్కి తిప్పుకున్నాడు గానీ నేను చూసేశాను. ఆ తలుపు అవతల బెంచీ మీద తోర్గైర్ కూర్చునున్నాడు.

గురువారం పేకాటకి వెళ్లేవాడికి ఆ ఇంట్లో సొంత చెప్పులుండవూ? మాటలు ఆగిపోయిన రోజున ఎవరూ వెళ్లి తమ చెప్పులు తెచ్చుకోరు, అవక్కడే బుట్టలో ఉండిపోతాయి. శనివారం రాత్రి హాలు తాళం వేసి, ఎన్నో నెలల తర్వాత ఆ గడప తొక్కి ఉంటాడు. అమ్మకం ఎంతదాకా వచ్చిందని అడగడానికో, రాజీపడటానికో. మోకాలి సంగతి లూద్వికే చెప్పుంటాడు, అమ్మకం రద్దని కూడా చెప్పుంటాడు. ఎండాకాలంలో పంపించెయ్యమంటే ధర కోసం ఆపింది ఆ మనిషే. ఆ ఆగిన నెలల్లోనే పిల్లాడి మోకాలు పోయింది. అది విన్న తండ్రికి కళ్లు ఎలా కమ్మేసి ఉంటాయో నేను ఊహించుకోగలను. నేనేమో కొడుకుని విడిపించే సాక్ష్యం అనుకుని తండ్రి చెప్పులు తెచ్చి వాడి చేతిలో పెట్టాను.

"ఎస్కిల్," అన్నాను మెల్లగా. "ఇలా చెయ్యకు. పన్నెండేళ్లో పద్నాలుగేళ్లో వేస్తారు."

"నాకెలాగూ ఆట లేదు కదండీ," అన్నాడు వాడూ మెల్లగా. "దయచేసి ఇంకేం అడక్కండి."

"ఏమిటి గుసగుసలు?" అన్నాడు స్టైనార్. రికార్డరు నొక్కాడు. "పేరు చెప్పి మొదలుపెట్టు."

"నా పేరు ఎస్కిల్ త్వైత్. శనివారం రాత్రి లూద్విక్ ఫ్యెల్‌ని నేనే తోశాను."

గోల్ కొట్టే ముందు బంతి పెట్టి వెనక్కి జరిగేటప్పుడు వీడి మొహం ఎలా ఉంటుందో టీవీలో చూశాను, ఇప్పుడూ అలాగే ఉంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. కానిస్టేబుల్ వద్దంటున్నా వినకుండా తోర్గైర్ లోపలికొచ్చాడు. "ఇంకెంతసేపండీ? విమానానికి..." అంటూ బల్లకేసి చూశాడు.

బల్ల మీద ఒక చెప్పు. కొడుకు కాలికి ఇంకొకటి.

"నాన్నా," అన్నాడు ఎస్కిల్ గబగబా, "నేను ఒప్పేసుకున్నాను. అంతా చెప్పేశాను. నువ్వింక ఇంటికెళ్లు."

తోర్గైర్ కొడుకు కాలికేసి చూశాడు. తర్వాత మోకాలికేసి చూశాడు. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను. చెప్పు, నీ కొడుకు మునిగిపోతున్నాడు, ఒక్క మాట చెప్పు అని మనసులో అరుస్తున్నాను. ఆయన గడ్డం కదిలింది. స్టైనార్ రికార్డరు ఇంకా తిరుగుతూనే ఉంది.

"సరే," అన్నాడు తోర్గైర్.

వెనక్కి తిరిగి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.